ఎంబీబీఎస్ మొదటి ఏడాదికి ఎలా సిద్ధం కావాలి?

సీటు వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో ఓళిగలు చేశారు. మర్నాడే నేను ఒక లావుపాటి అనాటమీ (శరీర నిర్మాణం) పుస్తకం కొనుక్కొచ్చి, మొదటి పేజీ నుంచి బట్టీ మొదలుపెట్టాను. కాలేజీ తెరిచేనాటికి నలభై పేజీలు అయ్యాయి. వాటిలో ఒక్క ముక్కా నిలవలేదు. ఎముకను చేత్తో పట్టుకోకుండా దాని గుంటలూ గట్లూ చదివితే అంతే. అందుకే సెలవుల్లో సబ్జెక్టు జోలికి పోవద్దంటాను. చేసుకోవాల్సిన పనులు వేరే ఉన్నాయి.

ముందు కాగితాలు. నీట్ ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డరు, పది, ఇంటర్ మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం పత్రాలు. ఒరిజినల్స్ కాలేజీలో ఇచ్చేశాక మళ్లీ చేతికి రావడం అంత తేలిక కాదు. ఇచ్చే ముందే అన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి, నాలుగైదు సెట్లు జిరాక్స్ తీయించండి. ర్యాగింగ్‌కు పాల్పడనని విద్యార్థీ, తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలి. రేపు మీకే ఇబ్బంది ఎదురైతే 1800-180-5522కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ర్యాగింగ్ మీద మన ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే చట్టం ఉంది. "సీనియర్లతో ఎందుకులే" అని ఊరుకోవద్దు.

కొనాల్సినవి కొన్నే. మోకాళ్ల దాకా వచ్చే నిండు చేతుల కాటన్ ఏప్రాన్లు రెండు. మన ఎండలకు పాలిస్టర్ వద్దు. వేళ్లు మూసే బూట్లు, శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్‌కు పనిముట్ల సెట్, హెచ్.బి. పెన్సిళ్లు, హిస్టాలజీ (మైక్రోస్కోపులో చూసే కణజాలం) బొమ్మలకు గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లు. పుస్తకాలకు తొందర లేదు. పది రోజులు క్లాసులు విన్నాక, సీనియర్ల దగ్గర సగం ధరకు తీసుకోండి. ఎముకల సెట్ కూడా ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు చేతులు మారేదే. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సెట్ పెట్టుకుంటే చాలు.

తెలుగు మీడియం అయితే ఇంగ్లిష్ పేర్లు అలవాటు చేసుకునే పని ఒక్కటి మాత్రం సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. పేర్లు చూసి భయపడకుండా, ఒక్కో మాటను మీ ఒంటి మీదే వెతకండి. మోచేతికి దెబ్బ తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుందే, అది అల్నార్ నరం. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు కొట్టుకునే నాడి రేడియల్ ధమని. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. పాతకాలం దర్జీ బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పనిచేసే తొడ కండరం కాబట్టి దానికి సార్టోరియస్ అని పేరు. చివర 'ఐటిస్' ఉంటే ఆ భాగం వాచి మంట పుట్టిందని. ఇలా ఓ వంద మాటలు నోట్సులో రాసుకున్న పిల్లలు ఇంగ్లిష్ మీడియం వాళ్లను దీపావళికల్లా అందుకోవడం చూశాను.

డిసెక్షన్ హాలు. ఖాళీ కడుపుతో మాత్రం పోవద్దు. మొదటిరోజు నేను ఏమీ తినకుండా పోయి, శవం చెడకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండి, గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పటినుంచి కాలేజీకి ముందు ఒక ప్లేటు ఉగ్గాని తప్పలేదు. బజ్జీ మాత్రం మానేశాను. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవద్దు, జుట్టు ముడేసుకోండి. బల్ల మీద ఉన్నది తన దేహాన్ని ఇష్టపడి రాసిచ్చిన మనిషో, తనవాళ్లంటూ ఎవరూ రాని మనిషో. అక్కడ నవ్వులూ ఫోటోలూ కూడదు. ఇంటికి వస్తే మా జేజి గడప దగ్గరే నిలబెట్టి "తలకు పోసుకుని రా అబ్బయ్యా" అనేది. రోజూ అదే పని అని తెలిశాక వదిలేసింది.

అనాటమీ అసలు కిటుకు ఏమిటంటే, రేపు కోయబోయే భాగాన్ని ఈ రాత్రి అరగంట చూసుకుని పోవడం. బల్ల వెనక వరుసలో నిలబడిన వాళ్లకు ఏడాదంతా వెనక వరుసే. ముందుకు తోసుకుని వేలితో తాకండి. ఎముకల వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదటి ప్రశ్న కుడిదా, ఎడమదా అని. ఫీమర్ (తొడ ఎముక) అయితే గుండ్రటి తల పైకి, లోపలి వైపుకి ఉండాలి, నడుమ గరుకు గీత వెనక్కి. రోజూ ఒక ఎముకను అలా పట్టుకుని నోటితో చెప్పండి. రూమ్మేట్ తిడతాడు, తిట్టనీండి.

ఫిజియాలజీ (ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పేది), బయోకెమిస్ట్రీ (ఒంట్లోని రసాయన చర్యలు). ఫిజియాలజీ అర్థమైతే గుర్తుంటుంది. ల్యాబ్‌లో మన వేలికి మనమే సూది గుచ్చుకుని రక్తకణాలు లెక్కపెట్టాలి, ధైర్యం కూడగట్టుకోండి. బయోకెమిస్ట్రీని చివరి నెలకు వదిలేసేవాళ్లే ఎక్కువ. అందులోని రసాయన చర్యల చక్రాలన్నీ వారానికి ఒకసారి చూడకుండా గీస్తే తప్ప నిలవవు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఎదురైతే కాసేపు ఆగండి. 1925 నాటి ఆ పద్ధతిలోని సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావే.

హాజరు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మొదటి ఏడాది పాసవడానికి నాలుగు ప్రయత్నాలే. కర్నూలు అయినా, అనంతపురం, కడప అయినా ఇదే లెక్క. ప్రాక్టికల్స్ రికార్డులు ఆ వారంవి ఆ వారమే సంతకం చేయించుకోండి.

ఇంకొకటి, కోస్తా నుంచి ఇక్కడ మా రాయలసీమకు వచ్చే పిల్లలకు. మొదటి ఏడాదిలోనే ఊళ్లలో కొన్ని కుటుంబాల ఆరోగ్యం చూసుకొమ్మని దత్తత ఇచ్చి పంపుతారు. ఆసుపత్రికీ తీసుకుపోతారు. అక్కడ "గస వస్తాంది" అంటే ఆయాసం. "కాళ్లు గుంజుతాండాయి" అంటే లాగుతున్నాయని. పెద్దావిడను అవ్వా అనండి, పేరు పెట్టి పిలవొద్దు. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా వస్తారు కాబట్టి ఉర్దూ, కన్నడ మాటలు నాలుగు జేబులో వేసుకోండి. "ఎక్కడ నొప్పి?", "ఎన్ని రోజుల నుంచి?", ముందు ఈ రెండు నేర్చుకోండి.