సెకండ్ హ్యాండ్ టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బండి ఎలా ఎంచుకోవాలి? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

మోటోక్రాస్ అంటే మట్టి ట్రాక్ మీద గట్లు దూకుతూ సాగే రేసు. పిల్లల కోసం అలాంటి చిన్న రేసు బండి కొనాలనుకునేవాళ్లకు ఈ మాటలు. ఈ బండికి కిలోమీటర్ల మీటరు ఉండదు. హెడ్‌లైటు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు కూడా ఉండవు. ఇంజన్ ఎంత పనిచేసిందన్నది గంటల్లో లెక్కేస్తారు. ఆ గంటలు చూపే చిన్న మీటరు కూడా చాలా బండ్లకు యజమాని విడిగా బిగించుకుంటేనే ఉంటుంది. కాబట్టి పల్సరో స్ప్లెండరో కొనేటప్పుడు అడిగినట్టు "ఎన్ని వేలు తిరిగింది?" అని అడిగి లాభం లేదు. అమ్మేవాళ్లు చెప్పేది విని ఊరుకోకుండా బండిని మనమే విప్పి చూసుకోవాలి.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఇలాంటి బండి అమ్మకానికి దొరకడం అరుదు. బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు వైపు వెతకాల్సి వస్తుంది. పొద్దున్నే బయల్దేరి వెళ్లి, గంటలో చూసి, సాయంత్రానికి టాటా ఏస్‌లో వేసుకొని వచ్చేయాలన్న తొందర ఉంటుంది చూడండి, మోసపోయేది అక్కడే. నా లెక్క ప్రకారం ముందు చూడాల్సింది పార్ట్స్ దొరుకుతాయా లేదా అన్నది. తర్వాత కాగితాలు, ఆ తర్వాత ఇంజన్. అందం అన్నిటికంటే చివర. ప్లాస్టిక్ సెట్టు, స్టిక్కర్లు మారిస్తే పాత బండి ఒక్క పూటలో కొత్తదానిలా మెరుస్తుంది, లోపల క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) మాత్రం పాతదే.

సైజు తేల్చుకోండి

50 సీసీ బండ్లు చిన్న పిల్లలవి. కేటీఎం 50 ఎస్‌ఎక్స్‌లో క్లచ్ లివర్ ఉండదు, గేర్లు మార్చే పని లేదు. 65 సీసీకి వస్తే చేతి క్లచ్, 6 గేర్లు. ముందు చక్రం 14 అంగుళాలు, వెనకది 12. కవాసాకి కేఎక్స్65 సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 60 కిలోలు. 85 సీసీలో చాలా కంపెనీలు రెండు రకాలు చేస్తాయి. చిన్న చక్రాల బండికి 17, 14 అంగుళాలు, పెద్ద చక్రాల దానికి 19, 16. అమ్మేవాళ్లు "85" అని మాత్రమే చెబితే ఏ చక్రాలో అడగండి, సీటు ఎత్తులో తేడా బాగా ఉంటుంది.

పిల్లవాణ్ణి బండి మీద కూర్చోబెడితే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు గట్టిగా ఆనాలి. రేపు పెరుగుతాడు కదా అని పండక్కి చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది తీసుకోవద్దు. టూ-స్ట్రోక్ బండి కింది ఆర్‌పీఎంలో మెత్తగా ఉండి, ఒక చోట ఒక్కసారిగా దూకుతుంది. ఆ క్షణంలో కాలు నేలకు అందకపోతే పిల్లవాడు భయపడి మళ్లీ బండి ఎక్కడు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, తాడు లాగి స్టార్ట్ చేసే 49 సీసీ బొమ్మ బండ్లను ఈ లెక్కలో కలపకండి. పెరట్లో తిప్పుకోవడానికి సరిపోతాయి కానీ గట్టు మీద నుంచి దూకడానికి పనికిరావు.

ఫోన్‌లోనే సగం పని

బండి చూడ్డానికి వెళ్లేముందే మోడల్, సంవత్సరం, ఫ్రేమ్ నంబర్ అడిగి రాసుకోండి. ఆ వివరాలతో బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న డీలర్‌కు ఫోన్ చేసి పిస్టన్ కిట్, గాస్కెట్ సెట్, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) కిట్ ధర ఎంత, ఎన్ని వారాల్లో వస్తాయి అని అడగండి. జవాబు తేలకపోతే బండి ఎంత బాగున్నా వదిలేయడమే మేలు.

ఈ విషయంలో కేఎక్స్65 నాకు నచ్చే బండి. 2000లో వచ్చిన ఆ ఇంజన్‌ను కవాసాకి ఇప్పటికీ పెద్దగా మార్చలేదు, కాబట్టి పాత బండికీ కొత్త పార్ట్స్ సరిపోతాయి. పైగా కవాసాకి దాన్ని మన దేశంలో అధికారికంగానే అమ్ముతోంది. షోరూం ధర 3 లక్షలు దాటింది కనుక సెకండ్ హ్యాండ్ బేరానికి అదొక కొలత. కేటీఎం కూడా 2024లో 50, 65, 85 ఎస్‌ఎక్స్ బండ్లను ఇక్కడికి తెచ్చింది. యమహా వైజెడ్65, వైజెడ్85 మంచి బండ్లే, పార్ట్స్ దారి ముందే చూసుకుంటే చాలు. హోండా సీఆర్85 మాత్రం 2007తోనే ఆగిపోయింది. అలాంటిది ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఆ చవక ఎందుకో ఆలోచించండి.

ఫోన్ పెట్టేసేముందు ఒక మాట చెప్పండి: "అన్నా, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." ఎందుకో కింద చెబుతాను.

కాగితాలు

ఈ బండికి ఆర్‌సీ ఉండదు. అది తప్పు కాదు, రోడ్డు కోసం చేసిన బండి కాదు కాబట్టి రిజిస్ట్రేషన్ కాదు. అందుకే మిగతా కాగితాలు ఇంకా ముఖ్యం. ఇక్కడ కొన్నదైతే డీలర్ ఇన్‌వాయిస్, బయటి దేశం నుంచి తెప్పించినదైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, డ్యూటీ కట్టిన రసీదు చూపించమనండి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు, ఇంజన్ కేసు మీది నంబరు ఆ కాగితాలతో సరిపోవాలి. నంబరు దగ్గర గ్రైండింగ్ గీతలు గానీ కొత్త పెయింటు గానీ కనిపిస్తే ఇంకేమీ చూడకుండా తిరిగి వచ్చేయండి. డబ్బులిచ్చేటప్పుడు ఇద్దరి గుర్తింపు కార్డుల జిరాక్సులు పెట్టి, రెండు నంబర్లూ వేసి, అమ్మకం కాగితం రాయించుకోండి.

ఇంటి నుంచి గ్రౌండ్ దాకా కూడా దీన్ని రోడ్డు మీద తోలకూడదు, బండిలో ఎక్కించుకొని పోవాల్సిందే. మైనర్ రోడ్డెక్కి దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు ఉన్నాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా రాదు. శేషాచలం అడవి వైపు అసలు చూడొద్దు. అందులో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు ఉంది, ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉంటుంది. నంబర్ లేని బండితో అక్కడ కనిపించి, సరదాకి వచ్చామంటే ఎవరు నమ్ముతారు? తెలిసినవాళ్ల బీడు భూమి అడిగి తీసుకోండి. లేదంటే పలమనేరు, ముళబాగిలు మీదుగా కోలారు వైపు వెళితే అక్కడ డాకర్ ర్యాలీ రైడర్ సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్ రాక్ ట్రాక్ ఉంది.

బండి ముందు నిలబడ్డాక

మొదట సిలిండర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి మొండికేస్తుందేమో, పిస్టన్ టకటకలాడుతుందేమో మీకు తెలియకూడదని అలా చేస్తారు. గొడవ పడక్కర్లేదు, "చల్లారనీ అన్నా, టీ తాగొస్తా" అనండి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. నన్నడిగితే బండి మొత్తం జాతకం అక్కడే ఉంటుంది. సీటు గానీ సైడ్ ప్యానెల్ గానీ తీసి ఫోమ్ ఫిల్టర్ బయటికి తీయండి. దానికి ఫిల్టర్ ఆయిల్ పట్టించి ఉండాలి, ఎండిపోయి పొడిపొడిగా రాలకూడదు. ఫిల్టర్ వెనక కార్బురేటర్ వైపు పోయే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తిప్పండి. వేలికి ఎర్రమట్టి అంటితే ఆ మట్టి ఇంజన్‌లోకి పోయినట్టే. రింగులు, సిలిండర్, క్రాంక్ బేరింగులు అన్నీ దాన్ని మింగి ఉంటాయి.

ఇప్పుడు సిలిండర్. మన దగ్గర టూ-స్ట్రోక్ అంటే అందరికీ ఆర్‌ఎక్స్ 100 గుర్తుకొస్తుంది. దాని సిలిండర్ లోపల ఇనుప స్లీవ్ ఉంటుంది, అరిగితే లేత్ షాపులో బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. ఈ మోటోక్రాస్ బండ్ల సిలిండర్లు అలాంటివి కావు. అల్యూమినియం గోడ మీద పలుచని గట్టి పూత ఉంటుంది, చాలావాటిలో అది నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసినది. బోర్ చేస్తే ఆ పూతే పోతుంది. అది గీసుకుపోతే మళ్లీ పూత వేయించాలి, లేదా కొత్త సిలిండర్ కొనాలి. రెండూ ఖర్చే. అమ్మేవాళ్లు "మొన్ననే బోర్ చేయించినాం అన్నా, ఇంజన్ కొత్తదే" అని గొప్పగా చెప్పారంటే లోపల స్లీవ్ దిగ్గొట్టి ఉండొచ్చు. ఎక్కడ చేయించారు, ఏ పిస్టన్ వేశారు, బిల్లు ఉందా అని అడగండి.

సిలిండర్ విప్పకుండానే లోపల కొంత చూడొచ్చు. సైలెన్సర్ చాంబర్‌ను సిలిండర్‌కు పట్టి ఉంచేది స్ప్రింగులే. వాటిని లాగి చాంబర్ పక్కకు తీస్తే ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుంటుంది. కిక్కర్‌ను చేత్తో మెల్లగా నొక్కుతూ సెల్‌ఫోన్ టార్చి వేయండి. పిస్టన్ పక్క గోడ మీద నిలువు గీతలు, అతుక్కున్న మచ్చలు కనిపిస్తే ఆ బండి ఒకసారి సీజ్ అయి ఉంటుంది, అంటే పిస్టన్ సిలిండర్‌కు పట్టేసి ఆగిపోయి ఉంటుంది. ఇలా చూడ్డానికి యజమాని ఒప్పుకోకపోతే ఏదో దాస్తున్నాడనే అనుకోండి.

స్పార్క్ ప్లగ్ తీసి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టండి, తిరుపతి మెకానిక్‌ను అడిగితే అద్దెకైనా ఇస్తాడు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకి పోనంతవరకు కిక్ కొట్టాలి. 120 పీఎస్‌ఐ కంటే కింద ఆగితే పిస్టన్, రింగుల ఖర్చు బేరంలో తగ్గించుకోండి. ఇంజన్ ఇంత చిన్నదైతే పొడవాటి గొట్టం ఉన్న గేజ్ తక్కువ చూపిస్తుంది, అందుకే అంకె ఒక్కటే పట్టుకొని తీర్పు చెప్పకండి.

క్రాంక్ పరీక్ష కూడా అప్పుడే. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి ప్లాస్టిక్ పుల్ల దించి పిస్టన్ పైకి వచ్చే చోట ఆపి, ఫ్లైవీల్‌ను అటూ ఇటూ కొద్దిగా కదపండి. పిస్టన్ కదలకముందే "టిక్" అని వదులు తగిలితే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగింది. అది బాగుచేయాలంటే ఇంజన్ కేసు మొత్తం రెండుగా విప్పాలి. రాడ్ పక్కకు కొద్దిగా జరగడం మామూలే, కిందికీ పైకీ ఆడకూడదు.

ఇక స్టార్ట్ చేయించండి. చల్లగా ఉన్నప్పుడు కాస్త పొగ వస్తుంది, టూ-స్ట్రోక్ కదా. వేడెక్కాక కూడా తెల్లగా, ఘాటుగా కమ్ముకుంటుంటే గేర్ బాక్స్ వైపు క్రాంక్ సీల్ (నూనె, గాలి దాటకుండా ఆపే రబ్బరు రింగు) పోయి గేర్ ఆయిల్ కాలుతోందేమో చూడాలి. రెండో వైపు సీల్ పోతే ఇంకా ప్రమాదం: గాలి లోపలికి పీలుస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, థ్రాటిల్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు. అలాంటి బండి ఏ రోజైనా సీజ్ కావచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడండి. కూలెంట్ మీద నూనె తేలకూడదు. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే వాటర్ పంప్ సీల్ పోయింది.

మిగతావి త్వరగా అయిపోతాయి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టినట్టు ఆగకూడదు. వెనక చక్రం, స్వింగ్ ఆర్మ్ పట్టుకొని పక్కకు ఊపితే లటలట అనకూడదు. ఫోర్క్ కడ్డీల మీద నూనె చెమ్మ, ఫుట్‌రెస్ట్ దగ్గర ఫ్రేమ్ మీద వెల్డింగ్ చీలికలు, వంగిన రిమ్ములు, కొక్కేల్లా అరిగిన స్ప్రాకెట్ పళ్లు చూడండి. బోల్టు తలలన్నీ గుండ్రంగా అరిగి ఉంటే ఇంతకాలం దాన్ని కట్టింగ్ ప్లయర్‌తో రిపేరు చేశారని అర్థం.

బేరం, తెచ్చుకోవడం

పిస్టన్, రింగులు మార్చడం ఈ బండ్లకు మామూలు సర్వీసే. రేసుల్లో తిప్పితే కొన్ని పదుల గంటలకే మారుస్తారు. కాబట్టి బిల్లు చూపించని ప్రతి బండికీ ఆ ఖర్చు మీదే అనుకొని ధర చెప్పండి. క్రాంక్‌లో, సిలిండర్‌లో తేడా కనిపిస్తే మాత్రం బేరం వద్దు, బండే వద్దు. ఎక్కించేటప్పుడు పెట్రోల్ ట్యాప్ కట్టేయండి.

ఇంటికి తెచ్చాక వెంటనే తోలకండి. పాత పెట్రోల్ పారబోసి, ఫిల్టర్ కడిగి ఆయిల్ పట్టించి, గేర్ ఆయిల్, కూలెంట్ మార్చండి. ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, పెట్రోల్‌లోనే కలపాలి. మాన్యువల్ 32:1 అంటే లీటరుకు 31 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25. కొలత జాడీతో కలపండి, కంటి అంచనా వద్దు. పాత స్కూటర్లకు పోసే మామూలు 2టీ ఆయిల్ కాకుండా, రేసింగ్ టూ-స్ట్రోక్‌లకు చేసిన సింథటిక్ ఆయిల్ తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్‌లోని ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. బండి కొన్ని వారాలు ఆపేస్తే ట్యాంకుతో పాటు కార్బురేటర్ బౌల్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రాలు) పాచి పట్టి మూసుకుపోతాయి.

ఆ జెట్ల సంగతి ముందే తేల్చుకోవాలి. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర. కిందికి వస్తే గాలి చిక్కబడుతుంది, అక్కడ సరిపోయిన జెట్టింగ్ (జెట్ల సైజు) ఇక్కడ పెట్రోల్ తక్కువై ఇంజన్‌ను కాల్చేయొచ్చు. మే నెల ఎండలో గాలి మళ్లీ పలచబడి లెక్క కొంత అటు తిరుగుతుంది, కానీ డిసెంబర్ పొద్దున్నే తోలితే ఆ వెసులుబాటు ఉండదు. చెన్నైలో కొన్న బండికి ఈ బాధ తక్కువ. ఏ ఊరి బండైనా మొదటి రెండు మూడు సార్లు కొద్దిసేపే తోలి, ప్లగ్ తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే సరే. నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, అది అంత తొందరేమీ కాదు. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం బండి అక్కడే ఆపి, పెద్ద మెయిన్ జెట్ వేయించి, సీల్స్ దగ్గర గాలి లీకు చూపించాకే మళ్లీ కిక్ కొట్టండి.