నిలబెట్టుకోగల వాట్లు: ఎఫ్‌టీపీ సరిగ్గా కొలుచుకోవడం ఎలా

పోయిన వేసవిలో ఆరు వారాలు నేను తప్పు సంఖ్య పెట్టుకుని సైకిల్ ట్రైనింగ్ చేశాను. ర్యాంప్ టెస్ట్‌లో నా ఎఫ్‌టీపీ (ఫంక్షనల్ థ్రెషోల్డ్ పవర్, అంటే చాలాసేపు నిలకడగా తొక్కగల పవర్) 201 వాట్లని వచ్చింది. సంతోషంగా అదే యాప్‌లో ఎక్కించాను. ఆ తర్వాత 20 నిమిషాల థ్రెషోల్డ్ సెట్లు (ఎఫ్‌టీపీ దగ్గరి వాట్లతో తొక్కేవి) రెండు వరసగా ఒక్క రోజు కూడా పూర్తి చేయలేకపోయాను. పదమూడో నిమిషానికే కాళ్లు కదిలేవి కావు. నిద్ర చాలట్లేదేమో అనుకున్నాను, బ్యాంకులో టెన్షన్ వల్లేమో అనుకున్నాను, రాత్రి అన్నం మానేసినందుకేమో అని కూడా అనుకున్నాను. మళ్లీ శ్రద్ధగా కొలిస్తే వచ్చింది 184.

ఆ 17 వాట్ల తేడా ఏం చేసిందో చెప్తాను. తేలికగా తొక్కాల్సిన ఎండ్యూరెన్స్ రైడ్లు ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం మధ్య ఉండాలి. 201 లెక్కన నాకు 150 వాట్ల దాకా అనుమతి ఉన్నట్టే. కానీ 184 లెక్కన ఆ హద్దు 138. అంటే ఆరు వారాలు నేను తేలిక అనుకుని చేసిన ప్రతి లాంగ్ రైడూ నిజానికి టెంపో, అంటే ఒక మెట్టు గట్టి రైడ్. మంగళవారం సెట్లకు కాళ్లు ఎప్పుడూ అలసిపోయే ఉండేవి.

ఎఫ్‌టీపీ అంటే ఊపిరి అదుపు తప్పకుండా చాలాసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ పవర్. గంటసేపు తొక్కగలిగేది అని చాలామంది చెప్తారు గానీ అది ఉజ్జాయింపు మాట. ఆ స్థాయిలో కొందరు 40 నిమిషాలే నిలుస్తారు, కొందరు గంట దాటిస్తారు.

ర్యాంప్ టెస్ట్‌లో ప్రతి నిమిషం వాట్లు పెరుగుతూ పోతాయి, మనం ఇక తొక్కలేక ఆపేస్తాం. అందులో అత్యుత్తమ ఒక నిమిషం సగటులో 75 శాతాన్ని ఎఫ్‌టీపీ అంటారు. నా ఆఖరి నిమిషం 268. నేను కాలేజీ రోజుల్లో 400 మీటర్లు పరిగెత్తేదాన్ని, కాసేపటి బలం నాకు ఎక్కువ. అలాంటివాళ్లకు ఈ టెస్ట్ సంఖ్యను పెంచి చూపిస్తుంది. ఏళ్ల తరబడి లాంగ్ రైడ్లే చేసినవాళ్లకు తగ్గించి చూపించవచ్చు. అరగంటలో అయిపోతుంది కాబట్టి మొదటి అంచనాకు పనికొస్తుంది, అంతే.

నేను నమ్మేది 20 నిమిషాల టెస్ట్. హంటర్ అలెన్, ఆండ్రూ కాగన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ముందురోజు గట్టి రైడ్ వద్దు. టెస్ట్‌కు ముందు వాట్లు కొలిచే పవర్ మీటర్‌కు జీరో ఆఫ్‌సెట్ (బలం పెట్టనప్పుడు సున్నా చూపేలా సరిచేయడం) తప్పకుండా చేయండి. ట్రైనర్ (ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే స్టాండ్) మీద అయితే ఎర్గ్ మోడ్ ఆపేయండి, లేకపోతే వాట్లను మీ బదులు ట్రైనరే నిర్ణయిస్తుంది.

వార్మప్ 20 నిమిషాలు. అందులో మూడుసార్లు ఒక్కో నిమిషం కాడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 100 దాకా పెంచండి. తర్వాత 5 నిమిషాలు ఉన్న శక్తంతా పెట్టి తొక్కాలి. ఆపైన 10 నిమిషాలు మెల్లగా. ఇక అసలు 20 నిమిషాలు. మధ్యలోని ఆ 5 నిమిషాల బాదుడును చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. కాళ్లలో దాచుకున్న తక్షణ బలం అక్కడ ఖర్చయిపోతుంది కాబట్టే, తర్వాతి 20 నిమిషాల సగటును 0.95తో గుణించడంలో అర్థం ఉంది. తాజా కాళ్లతో నేరుగా 20 నిమిషాలు తొక్కి 95 శాతం తీసుకుంటే సంఖ్య ఎక్కువే వస్తుంది. చూడాల్సింది మామూలు సగటు పవర్, నార్మలైజ్డ్ పవర్ (హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకుని యాప్ సర్దే సంఖ్య) కాదు.

అన్నిటికన్నా కష్టం పేసింగ్, అంటే బలాన్ని ఆఖరి దాకా సరిపడేలా పంచుకోవడం. నా మొదటి ప్రయత్నంలో నాలుగు నిమిషాలు 225 మీద పోయాను. చివరికి సగటు 181. వారం తర్వాత 190తో మొదలుపెట్టి, పదో నిమిషం దాకా ఎంత ఆశ పుట్టినా పెంచలేదు. ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలిందంతా పెట్టాను. సగటు 194 వచ్చింది, అందులో 95 శాతం 184. మొదటి ఐదు నిమిషాలు కాస్త తేలికగా అనిపిస్తేనే సరిగ్గా మొదలుపెట్టినట్టు.

ఎక్కడ చేయాలి? హైదరాబాద్‌లో నాకు నచ్చిన చోటు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన నార్సింగి, కొల్లూరు మధ్య సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్. 2023లో మొదలైంది. బండ్లు రావు, నీడ ఉంటుంది. ఆదివారం మాత్రం వద్దు, పిల్లలు నేర్చుకుంటూ ఉంటారు, వాళ్ల మధ్య టెస్ట్ చేయడం ప్రమాదం. మామూలు రోజు తెల్లవారుజామున వెళ్లండి. ఇంట్లో చేస్తే సీలింగ్ ఫ్యాన్ సరిపోదు, పెడస్టల్ ఫ్యాన్ ఒంటికి ఎదురుగా పెట్టుకోండి. మూసిన గదిలో కూలర్ పెడితే తేమ పెరుగుతుంది, చెమట ఆరదు, ఒళ్లు వేడెక్కి వాట్లు పడిపోతాయి. ఇంట్లో టెస్ట్ చేసి రోడ్డు మీద ట్రైనింగ్ చేస్తే సంఖ్య కలవకపోవచ్చు. ట్రైనర్ ఒకటి చెప్తుంది, క్రాంక్ మీటర్ (పెడల్ కాడకు బిగించే పవర్ మీటర్) ఇంకొకటి చెప్తుంది. రోజూ ట్రైనింగ్ చేసే మీటర్‌తోనే కొలవండి.

20 నిమిషాలంటే భయమైతే ఇంకో దారి ఉంది, క్రిటికల్ పవర్, అంటే రెండు పొట్టి ప్రయత్నాల నుంచి లెక్కగట్టే నిలకడ పవర్. ఒకసారి 3 నిమిషాలు, బాగా విశ్రాంతి తీసుకుని లేదా మరుసటి రోజు 12 నిమిషాలు, రెండూ పూర్తి బలంతో తొక్కాలి. వాట్లను సెకన్లతో గుణిస్తే చేసిన పని జూళ్లలో వస్తుంది. నావి 3 నిమిషాలకు 250 వాట్లు, అంటే 45,000 జూళ్లు. 12 నిమిషాలకు 202 వాట్లు, అంటే 1,45,440 జూళ్లు. తేడా 1,00,440. దాన్ని కాలంలో తేడా 540 సెకన్లతో భాగిస్తే 186 వాట్లు. క్రిటికల్ పవర్ సాధారణంగా ఎఫ్‌టీపీ కన్నా కాస్త ఎక్కువే వస్తుంది, కాబట్టి నా 184 మీద నమ్మకం కుదిరింది.

పవర్ మీటర్ లేనివాళ్లు 30 నిమిషాలు ఒంటరిగా, పూర్తి బలంతో తొక్కి, చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్ తీసుకోండి. అదే మీ థ్రెషోల్డ్ హార్ట్ రేట్‌కు (ఎఫ్‌టీపీ స్థాయిలో తొక్కేటప్పటి గుండె వేగం) దగ్గరి అంచనా. నాది 168. ఎండ, కాఫీ, నిద్రలేమి దాన్ని కదిలిస్తాయి, అందుకే పరిస్థితులు మారిన రోజు దాన్ని పట్టుకుని వేలాడకండి.

ఏ పద్ధతితో వచ్చినా, ఆ సంఖ్యను నాలుగైదు రోజుల తర్వాత పరీక్షించండి. అదే వాట్లతో 35 నిమిషాలు ఆపకుండా తొక్కాలి. పొట్టి మాటలు ఒకటి రెండు పలకగలుగుతూ, ఊపిరి బరువుగా ఉన్నా లయ తప్పకుండా ఉంటే సంఖ్య సరైనదే. పదిహేనో నిమిషంలోనే ఊపిరి ఎగశ్వాసగా మారితే 5 వాట్లు తగ్గించి, ఇంకో రోజు మళ్లీ చూడండి. నేను 184 మీద 38 నిమిషాలు తొక్కి ఆపాను, ఇంకాస్త మిగిలే ఉంది. ఆ వారమే సెట్లు రెండూ మొదటిసారి పూర్తయ్యాయి.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మళ్లీ కొలవండి. అదే మీటర్, అదే వేళ, అదే చోటు. ఉష్ణోగ్రత, ముందురోజు రైడ్, తిన్నది ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. నా పేజీలో ఆ రోజు ఇలా ఉంది: ఉదయం 5:40, 27 డిగ్రీలు, రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు, సగటు 194.