సైకిల్ స్పోకులతో మెర్సిడెస్ డబ్ల్యూ 194 ఫ్రేమ్

1954లో న్యూయార్క్‌లో తొలిసారి చూపించిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ తలుపులు పైకే ఎందుకు లేస్తాయో అర్థం కావాలంటే, దానికి మూలమైన, 1952లో రేసుల కోసం తయారైన డబ్ల్యూ 194 అస్థిపంజరాన్ని పన్నెండో వంతు సైజు నమూనాగా చేత్తో కట్టి చూడాలి. మెర్సిడెస్ ఇంజినీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ సన్నటి ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా కూర్చిన ఆ ఫ్రేమ్ బరువు సుమారు 50 కిలోలే. గొట్టం వ్యాసం దాదాపు 25 మి.మీ., అందులో పన్నెండో వంతు 2 మి.మీ. పైచిలుకు. సైకిల్ షాపులో దొరికే 14 గేజీ స్పోకు దాదాపు అంతే ఉంటుంది.

30 స్పోకులు కొనండి. స్టెయిన్‌లెస్ వద్దు, దాన్ని టంకం సరిగా పట్టుకోదు. అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే మామూలు పూత స్పోకులే మేలు. 60/40 టంకం (తగరం, సీసం పాళ్లు), టంకం పట్టేందుకు పూసే జింక్ క్లోరైడ్ ద్రవం, 100 వాట్ల సోల్డరింగ్ ఐరన్, గుండ్రటి సన్న ఆకురాయి, 12 మి.మీ. ప్లైవుడ్, తల తీసేసిన మేకులు కావాలి. 25 వాట్ల ఐరన్‌తో మొదలుపెట్టకండి. ఉక్కు వేడిని లాగేస్తుంది, టంకం ఉండ కట్టి పైనే నిలుస్తుంది, మర్నాడు వేలితో తడితే ఊడిపోతుంది.

ఫ్రేమ్ డ్రాయింగును జిరాక్సు షాపులో రెండు ఇరుసుల మధ్య దూరం 200 మి.మీ. వచ్చేలా సైజు మార్పించండి (అసలు కారులో 2,400). దాన్ని ప్లైవుడ్‌కు అంటించి, గీతలకు రెండు వైపులా మేకులు కొట్టండి.

పని అంతా అతుకుల్లోనే ఉంది. స్పోకు కొస మీద పూతను ఎమ్రీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా గీకండి. రెండో స్పోకు గుండ్రదనం ఒదిగేలా ఆకురాయితో కొసను గాడి తీయండి. అర మి.మీ. సందు మిగిలినా టంకం నింపుతుందే గానీ బలం ఇవ్వదు. ముందు అడుగు చట్రం, తర్వాత నిలువు కమ్మీలు, చివరికి ఏటవాలువి. ఎడమ ఒకటి, కుడి ఒకటి మార్చి మార్చి వేయకపోతే ఫ్రేమ్ ఒక పక్కకు లాగేస్తుంది. పక్క అతుకు కరగకుండా తడి గుడ్డ చుట్టండి. పొగ ముక్కుకు మంచిది కాదు, ఆరుబయటే చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

మెలిక చూడటానికి కడప బండను మించింది లేదు. పాలిష్ షాపులో మిగిలిన ముక్క చాలు. నాలుగు మూలలూ బండను తాకాలి. బండ మీదే టంకం మాత్రం వేయొద్దు, చల్లటి రాయి వేడిని తాగేస్తుంది.

ఏటవాలు కమ్మీలు వేయకముందు ఒకసారి రెండు కొసలూ పట్టి మెలిపెట్టండి, తేలిగ్గా తిరుగుతుంది. వేశాక అదే చేయండి, బిగుసుకుపోతుంది. ఇప్పుడు సీటు పక్కనున్న ఎత్తైన కమ్మీలను, మామూలు తలుపు పట్టేంత మేర, ఒక వైపు కోసేయండి. ఫ్రేమ్ మళ్లీ సడలుతుంది. ఆ కమ్మీలను వదులుకోలేకే తలుపును వాటి పైన పెట్టి, కీలును కప్పులోకి తీసుకెళ్లారు. 1952లో ఇటలీలో జరిగిన మిల్లే మిలియా రేసులో ఆ తలుపులు కిటికీల మేరకే ఉండేవి, ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసు నాటికి కిందికి పెంచారు.

కోసిన ముక్కలను తిరిగి అతికి, వంటసోడా కలిపిన నీళ్లతో అతుకులన్నీ బ్రష్‌తో కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక ప్రైమర్ కొట్టండి. జింక్ క్లోరైడ్ తడి ఎక్కడ మిగిలితే అక్కడ పెయింటు కింద తుప్పు లేస్తుంది.