ఇంట్లో కొమ్మలకు వేర్లు తెప్పించడం ఎలా? (మూత తీసే దగ్గర తొందర వద్దు)

మొక్కల గురించి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. "కొమ్మ బాగానే చిగురించింది, ఉన్నట్టుండి ఎందుకు వాడిపోయింది?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే. "కొమ్మ మీద కప్పిన మూత ఎప్పుడు తీశారు?" దాదాపు అందరూ చెప్పేది ఒకే మాట: "చిగురు కనిపించగానే తీసేశాం."

కొయ్యడం, నాటడం ఎవరైనా చేస్తారు. ఆ తర్వాతే చెడగొడతారు. అందుకే మొదటి పనులు గబగబా చెప్పేసి, అసలు విషయం దగ్గర కాసేపు ఆగుతాను.

కావలసినవి

లోపలిది కనిపించే ప్లాస్టిక్ గ్లాసులు, అవి ఇమిడేలా రంగు గ్లాసులు లేదా పాత డబ్బాలు, బిరడా ఉన్న పెద్ద నీళ్ల సీసాలు, కొత్త బ్లేడు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), గరుకు ఇసుక. అంతే. హీటింగ్ మ్యాట్, గ్రో లైట్, మూతల ట్రే ఏవీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి అవి లేకుండానే చేస్తున్నాను.

గ్లాసు అడుగున కాల్చిన సూదితో నాలుగైదు చిల్లులు పెట్టండి. సీసా అడుగు కోసేయండి, అదే మన మూత. బిరడా మాత్రం పారేయొద్దు, చివర్లో దానితో పని ఉంది.

ఇసుక సముద్రపు ఒడ్డుది వద్దు, ఉప్పు ఉంటుంది. కోకోపీట్‌లోనూ ఉప్పు మిగిలి ఉండొచ్చు కాబట్టి రెండుసార్లు నానబెట్టి పిండండి. రెండూ సగం సగం కలిపి, మరిగే నీళ్లు పోసి చల్లారనిస్తే బూజు బెడద చాలావరకు తగ్గుతుంది. తోటమట్టి వాడొద్దు. చిన్న గ్లాసులో అది గట్టిపడిపోతుంది, గాలి ఆడదు. ఎరువు అసలే వద్దు. వేరు లేని కొమ్మకు ఎరువు వేయడమంటే నడక రాని పిల్లకు సైకిల్ కొనివ్వడమే.

ఈ మిశ్రమాన్ని గుప్పెట్లో పట్టి గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు పడాలి. ధార కారితే తడి ఎక్కువైంది. ఒక్క చుక్కా రాకపోతే తక్కువైంది. ఇంతకు మించిన కొలత నాకు తెలీదు, అవసరమూ పడలేదు.

కొయ్యడం, నాటడం

పొద్దున్నే కొయ్యండి, అప్పుడు కొమ్మలో నీరు నిండుగా ఉంటుంది. మరీ లేతదీ వద్దు, ముదిరి చెక్కబారినదీ వద్దు. వంచితే కాస్త వంగి, ఆ తర్వాత విరిగేది తీసుకోండి. పువ్వులు, మొగ్గలు ఉంటే గిల్లేయండి. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, కణుపుకు సరిగ్గా కింద కొయ్యాలి. చాలా మొక్కలకు వేర్లు కణుపు దగ్గరే సులువుగా పుడతాయి. మనీప్లాంట్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కణుపు లేకుండా ఆకు, తొడిమ మాత్రమే నాటితే వేర్లు రావచ్చు, కానీ జన్మలో కొత్త తీగ రాదు. ఆకు అలాగే పచ్చగా కూర్చుంటుంది, మనం ఎదురుచూస్తూ కూర్చుంటాం.

నాలుగు నుంచి ఆరు అంగుళాల కొమ్మ చాలు. కింది ఆకులు తీసేసి, పైన రెండో మూడో ఉంచండి. పెద్ద ఆకులైతే అడ్డంగా సగానికి కత్తిరించండి. ఆకులన్నీ దూసేసే వాళ్లున్నారు, అదీ తప్పే. లేత కొమ్మ వేరు పట్టేదాకా దానికి తిండి పెట్టేది ఆ ఆకులే. వేర్లు రావడానికి కావలసిన ఆక్సిన్ అనే హార్మోను కూడా చివరి మొగ్గలో, లేత ఆకుల్లో తయారై కిందికి దిగి కోసిన చోట చేరుతుంది.

పుల్లతో ముందు గుంట చేసి, కొమ్మను కనీసం ఒక కణుపు మునిగేలా దించి, చుట్టూ వేళ్లతో నొక్కండి. తలకిందులుగా నాటొద్దు. నవ్వకండి, ఆకులు దూసేసిన గులాబీ కొమ్మను అలా నాటినవాళ్లను చూశాను. గ్లాసుకు ఒక్కటే కొమ్మ. పది కొమ్మలు ఒకే కుండీలో గుచ్చితే ఒకటి కుళ్లిన నాడు మిగతావీ దాని దారే పడతాయి. రెండు మొక్కలు కావాలంటే ఐదు కొమ్మలు పెట్టండి. గ్లాసు మీద తేదీ రాయండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటారు, ఉండదు.

గ్లాసును రంగు గ్లాసులో దించి పెట్టండి. వేర్లకు చీకటి దొరుకుతుంది. మీకు చూడాలనిపించినప్పుడు లోపలి గ్లాసు పైకెత్తి గోడల వెంట చూడొచ్చు. వేరు వచ్చిందో లేదో అని కొమ్మను పట్టి లాగి చూసే అలవాటు ఇంతటితో మానేయండి. దారంకన్నా సన్నటి వేరు ఆ ఒక్క లాగుడుకే తెగుతుంది.

రూటింగ్ పౌడర్, తేనె, దాల్చిన చెక్క

రూటింగ్ పౌడర్ అంటే వేర్లు పుట్టించే హార్మోను కలిపిన పొడి. కోలియస్, పుదీనా, మనీప్లాంట్‌కు ఏ పౌడరూ వద్దు, వాటికి సొంత హార్మోనే సరిపోతుంది. గులాబీ, మందారం లాంటి చెక్కబారే కొమ్మలకు పౌడర్ పనికొస్తుంది. చాలా పౌడర్లలో ఉండేది ఐబీఏ అనే ఆక్సిన్, 1930ల నుంచీ వాడకంలో ఉన్నదే. చిటికెడు కాగితం మీద పోసుకుని, కొమ్మ కోసిన చివర అద్ది, ఎక్కువైంది దులిపేయండి. తడి కొమ్మను నేరుగా డబ్బాలో ముంచితే డబ్బా అంతా పాడు. ఎక్కువ అద్దితే ఎక్కువ వేర్లు రావు, కొమ్మ చివర మాడుతుంది.

తేనె, దాల్చిన చెక్క పొడి హార్మోనులు కావు. దాల్చిన చెక్క బూజును కాస్త ఆపుతుందేమో గానీ వేరును పిలుచుకురాదు. డబ్బు లేకపోతే ఏదీ అద్దకుండా రెండు కొమ్మలు ఎక్కువ నాటండి.

నీళ్లలో పెడితే రాదా అంటారా? వస్తుంది. మనీప్లాంట్, కోలియస్ హాయిగా వస్తాయి. అయినా నేను పెట్టను. నీళ్లలో పుట్టిన వేరు పెళుసుగా ఉంటుంది, మట్టిలోకి మార్చగానే కొత్తగా అలవాటు పడాలి, ఆ గ్యాప్‌లో మొక్క నీరసపడుతుంది. పైగా రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి, మరిచిపోతే వాసన. సీసాలో తెల్లటి వేర్లు చూసుకోవడం బాగుంటుంది, ఒప్పుకుంటాను. నాకు కావలసింది మాత్రం కుండీలో మొక్క.

మూత కింద

కొమ్మకు వేరు లేదు కాబట్టి కింద నుంచి నీరు అందేది చాలా తక్కువ. పైన ఆకుల నుంచి మాత్రం నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. మట్టిలో ఎంత నీరు పోసినా ఈ లెక్క సరికాదు. తడి ఉండాల్సింది గాలిలో. అడుగు కోసిన సీసాను గ్లాసు మీద బోర్లించి, బిరడా బిగించేది అందుకే. లోపలి గోడలకు సన్నగా చెమట పట్టినట్టు ఉంటే సరిపోయింది. చుక్కలు ధారలుగా కారుతుంటే ఒక గంట బిరడా తీసి పెట్టండి.

వెలుతురు బాగా ఉండే కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట ఉంచండి. ఎండ పడితే సీసా లోపల కొమ్మ ఉడికిపోతుంది. 20 నుంచి 25 డిగ్రీల వేడి చాలా మొక్కలకు సరిపోతుంది. చల్లటి గచ్చు మీద కాకుండా చెక్క బల్ల మీద పెడితే ఇంకా మంచిది. రోజూ నీళ్లు పోయొద్దు. మూత కింద తడి ఎక్కడికీ పోదు. గ్లాసు పట్టుకుంటే తేలికైందనిపించినప్పుడు మాత్రం అంచు వెంట ఒక చెంచా నీళ్లు చాలు. రాలిన ఆకు కనిపిస్తే అప్పుడే తీసేయండి, బూజు మొదలయ్యేది అక్కడే.

రసం నిండిన జేడ్, స్నేక్‌ప్లాంట్ లాంటి వాటికి ఈ మూత వ్యవహారం వర్తించదు. వాటిని కోశాక కొన్ని రోజులు నీడన పెట్టి, కోసిన చోట పొర కట్టాక పొడిపొడిగా ఉన్న ఇసుకలో నాటాలి. మూత పెడితే కుళ్లిపోతాయి. ఇంకో మాట, పసుపు అంచు స్నేక్‌ప్లాంట్‌ను ఆకు ముక్కతో పెంచితే వచ్చే పిల్లకు ఆ అంచు రాదు, పచ్చగానే వస్తుంది. అంచు కావాలంటే వేరుతో ఉన్న పిలకను విడదీయాలి.

ఇక మూత తీయడం

చిగురు చూసి మోసపోవద్దు. కొమ్మలో దాచుకున్న తిండి కొంత ఉంటుంది. వేరు లేకపోయినా ఆ నిల్వతోనే ఒకటి రెండు ఆకులు వేస్తుంది. గులాబీ, మందారం ఈ పనిలో సిద్ధహస్తులు. నిల్వ అయిపోయాక ఒక్కసారిగా వాలిపోతాయి. కాబట్టి చూడాల్సింది చిగురును కాదు, గ్లాసు గోడను. తెల్లటి వేర్లు నాలుగైదు, ఒక్కోటి అంగుళం దాకా కనిపించాలి. కోలియస్, పుదీనాకు వారం రెండు వారాలు. మనీప్లాంట్‌కు రెండు నుంచి నాలుగు. మందారానికి నాలుగు నుంచి ఆరు. గులాబీకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మీ గదిలో వేడి తక్కువైతే ఈ లెక్కలన్నీ వెనక్కి జరుగుతాయి.

వేర్లు కనిపించినా మూత ఒక్కసారిగా ఎత్తేయకండి. తడి గాలిలో పెరిగిన ఆకుకు పైన ఉండాల్సిన మైనపు పొర పలచగా ఉంటుంది. ఆకు అడుగున ఉండే సన్నటి రంధ్రాలకు వెంటనే మూసుకునే అలవాటు ఉండదు. అలాంటి ఆకును పొడి గదిలోకి లాగితే, ఆ నాలుగు వేర్లు తాగేదానికంటే ఎక్కువ నీరు పోగొట్టుకుంటుంది.

ఇది నాకు తెలిసింది తొమ్మిది మందారం కొమ్మలు పోగొట్టుకున్నాక. అన్నింటికీ వేర్లు వచ్చాయి. సంతోషం పట్టలేక మధ్యాహ్నం పూట, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో అన్ని సీసాలూ ఎత్తేశాను. సాయంత్రానికి ఆకులు గొడుగు ముడిచినట్టు కిందికి వాలాయి. దాహం అనుకుని గ్లాసుల నిండా నీళ్లు పోశాను. మర్నాడు మళ్లీ పోశాను. ఐదో రోజు ఒకదాన్ని పెళ్లగించి చూస్తే తెల్లటి వేర్లు గోధుమరంగుకు తిరిగాయి. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పై పొర తొడుగులా ఊడి చేతికొచ్చింది, లోపల సన్నటి దారం మిగిలింది. కుళ్లిన వేరు అలాగే ఉంటుంది. వాటిని చంపింది పొడి గాలి కాదు, నేను పోసిన నీళ్లు.

అప్పటి నుంచి ఇలాగే చేస్తున్నాను, మీరూ ఇలాగే చేయండి. మొదటి రెండు రోజులు సీసా కదపకుండా బిరడా మాత్రం తీసి ఉంచండి. మూడో రోజు నుంచి సీసా ఒక పక్క పైకెత్తి కింద పెన్సిల్ ఆనించండి, వేలెడు సందు చాలు. ఐదో రోజు నుంచి రాత్రిపూట మూత పూర్తిగా తీసేసి, తెల్లవారగానే మళ్లీ పెట్టండి. రాత్రి ఎండ ఉండదు, ఆకు నీరు తక్కువ పోగొట్టుకుంటుంది, అందుకే రాత్రితో మొదలుపెట్టాలి. ఏడో రోజు నుంచి ఉదయం రెండు మూడు గంటలు కూడా తీసి ఉంచండి, రోజూ ఇంకాస్త పెంచండి. పది రోజులకు మూత అక్కర్లేని స్థితికి వస్తుంది. ఈ పది రోజులూ ఫ్యాన్ గాలి, ఏసీ గాలి తగలకూడదు.

మధ్యలో ఆకు వాలిందంటే టెన్షన్ పడొద్దు, నీళ్ల చెంబు అందుకోవద్దు. ముందు మూత పెట్టేయండి. కొన్ని గంటల్లో ఆకు లేస్తే దానికి కావలసింది గాలిలో తడే అన్నమాట. మర్నాడు ఒక మెట్టు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టండి. మూత పెట్టినా లేవకపోతే అప్పుడు గ్లాసు ఎత్తి చూడండి. తేలికగా ఉంటే నీళ్లు పోయండి. బరువుగా ఉండి కొమ్మ అడుగు నల్లబడితే పని అయిపోయింది, పారేయండి. మెత్తటి కొమ్మ అయితే పైభాగం ఇంకా పచ్చగా ఉన్న చోట కోసి మళ్లీ నాటొచ్చు, చాలాసార్లు బతుకుతుంది.

కుండీలోకి

మూత లేకుండా వారం నిలబడ్డాక కుండీలోకి మార్చండి. గ్లాసును పక్కల నొక్కి, బోర్లించి, ముద్ద చెదరకుండా దించాలి. గ్లాసుకంటే కాస్త పెద్ద కుండీ చాలు. ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేర్లు అందుకోలేని మట్టి తడిగానే ఉండిపోతుంది. కొత్త ఆకులు రెండు మూడు వచ్చేదాకా ఎరువు ఊసే వద్దు.

ఖాళీ అయిన గ్లాసులు, సీసాలు సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి దాచుకోండి, నాలుగైదు విడతలకు వస్తాయి. కొమ్మ కుళ్లిన గ్లాసులోని మిశ్రమాన్ని మాత్రం పెద్ద మొక్కల కుండీలో కూడా కలపొద్దు, బయట పారేయండి.