సైకిల్ బాగా వచ్చినవాళ్లు మూడు చక్రాల సైకిల్ తొక్కడం ఎలా?

సైకిల్ అసలు రానివాళ్లను పెద్దల ట్రైసైకిల్ ఎక్కిస్తే కాసేపట్లోనే తొక్కేస్తారు. ముప్పై ఏళ్లు సైకిల్ తొక్కినవాళ్లే మొదటిరోజు మురుగు కాలవ వైపు పోతారు. నేను కాలవ దాకా పోలేదు, మా వీధి చివర కరెంటు స్తంభం దగ్గర ఆగాను. మోకాళ్ల నొప్పితో కాలు ఎత్తి సీటు దాటించడం కష్టమై కొన్న బండి అది. చిన్నప్పుడు ఆగి ఉన్న రిక్షా ఎక్కి తొక్కబోయినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. మనం ఒకవైపు అనుకుంటే అది ఇంకోవైపు లాక్కుపోతుంది.

తప్పు బండిది కాదు. సైకిల్ ఎడమకు ఒరిగితే మనం ఆలోచించకుండానే హ్యాండిల్ ఎడమకు తిప్పుతాం. చక్రాలు మన కిందికి వస్తాయి, సైకిల్ నిలబడుతుంది. తారు రోడ్డేమో నీళ్లు నిలవకుండా మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. ఎడమ పక్కన వెళ్తున్న ట్రైసైకిల్ కూడా ఆ పల్లంవైపే కాస్త వాలి ఉంటుంది. అది చూసి ఒళ్లు పడిపోతున్నాననుకుంటుంది, చేతులు పాత అలవాటుకొద్దీ ఎడమకే తిప్పుతాయి. బండి ఇంకా పల్లంలోకి దిగుతుంది. చేతులు ఇంకా తిప్పుతాయి. ఈ ఒక్క అలవాటు పోగొట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

1. ముందు ఊరికే కూర్చోండి. బ్రేకుకు లాక్ ఉంటే వేయండి, లేకపోతే గట్టిగా పట్టుకోండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు పెట్టుకోండి. ఆగినప్పుడు కాలు నేలకు ఆనాల్సిన పనిలేదు. కూర్చునే కాస్త అటూ ఇటూ ఊగండి. ఇది పడదన్న నమ్మకం ఒంటికి కలగాలి.

2. తొక్కకుండా వెళ్లండి. స్కూలు గ్రౌండు లాంటి చదునైన ఖాళీ చోట ఇంట్లోవాళ్లెవరినైనా వెనక బుట్ట పట్టుకుని నడక వేగంతో తోయమనండి. కాళ్లు పెడల్స్ మీద ఊరికే ఉంచి, ఒళ్లు వంచకుండా చేతులతో మాత్రమే హ్యాండిల్ తిప్పండి. ఆటో నడిపేవాళ్లు చేసేది అదే. మా ఆవిడ తోస్తూ, "ఎందుకండీ అలా వంగుతారు, అది సైకిల్ కాదు" అని ఇరవైసార్లు అని ఉంటుంది. ఆవిడకు సైకిల్ రాదు. మర్నాడే బండి మీద కూరగాయలకు వెళ్లొచ్చింది.

3. గేర్లుంటే తేలిక గేరులో మొదలుపెట్టండి, బండి బరువు ఎక్కువ. చాలా మామూలు బళ్లలో వెనక చక్రాల్లో ఒకదానికే చెయిన్ బలం అందుతుంది. అందుకే గట్టిగా తొక్కితే ఓ పక్కకు లాగుతుంది. మెత్తగా తొక్కండి.

4. ఇప్పుడు రోడ్డు మీదికి. వాహనాలు లేని వీధి చూసుకోండి. ఎడమ అంచున వెళ్లేటప్పుడు ఒంటి బరువు కొంచెం కుడి పిరుదు మీద వేసి, హ్యాండిల్ పల్లంలోకి జారకుండా నిలకడగా పట్టుకోండి. చూపు దూరంగా ఉండాలి. ముందు చక్రాన్ని చూశారంటే మళ్లీ చేతులు మొదలుపెడతాయి. బండి మాట వినకపోతే తొక్కడం ఆపి బ్రేకు వేయండి, అంతే.

5. మలుపులో ఒక చిక్కుంది. ఇంతసేపూ వంగొద్దన్నాను, ఇక్కడ వంగాలి. బండి తిరగడానికి కాదు, లోపలి చక్రం గాల్లోకి లేవకుండా ఉండడానికి. కుడికి తిరిగితే ఒళ్లు కుడికి, ఎడమకైతే ఎడమకు. స్పీడు మలుపుకు ముందే తగ్గించుకోవాలి. అయినా చక్రం లేచినట్టనిపిస్తే హ్యాండిల్ కొంచెం తిన్నగా తిప్పండి, కిందికి దిగుతుంది. బుట్టలో బియ్యం బస్తా ఉంటే ఇంకా నెమ్మది.

6. వెనక వెడల్పు మరిచిపోవద్దు. ముందు చక్రం గేటు దాటిందని మురిసిపోతే వెనక చక్రం గేటు స్తంభాన్ని పట్టుకుంటుంది. మలుపులో వెనక చక్రాలు ముందుదానికంటే లోపలికి కోసుకుపోతాయి. గ్రౌండులో నీళ్ల సీసాలు పెట్టి వాటి మధ్యనుంచి వెళ్లి, ఏది పడిందో చూసుకోండి. స్పీడ్ బ్రేకర్ ఎప్పుడూ ఎదురుగానే ఎక్కండి. ఏటవాలుగా ఎక్కితే ఒక చక్రం ముందు లేచి బండి ఊగుతుంది.

7. బండి కదులుతుండగా కాలు కింద పెట్టొద్దు. సైకిల్ ఆపేటప్పుడు కాలు దానంతటదే దిగుతుంది చూడండి, అది ఇక్కడ ప్రమాదం. వెనక చక్రం వచ్చి మడమకు తగులుతుంది. పూర్తిగా ఆగాక బ్రేకు లాక్ చేసి, అప్పుడు దిగండి.

అలవాటు కుదిరేదాకా ఒకే రోజు రెండు బళ్లూ తొక్కొద్దు. ట్రైసైకిల్ దిగి, మా కోడలి లేడీస్ సైకిల్ మీద పాల ప్యాకెట్‌కు బయల్దేరాను. మొదటి మలుపులో ఒరగడం మరిచిపోయి, ఎదురింటి గోడకు భుజం ఆనించి నిలబడ్డాను.