చలి ముదరకముందే: ఇంట్లో కూరమొక్కలకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

షికాగో, న్యూజెర్సీ, టొరంటో వైపు ఉండే మనవాళ్లు చాలామంది తొలి ఫ్రాస్ట్ హెచ్చరిక ఫోన్‌లో మోగాకే డెక్ మీదికి పరుగెత్తి కరివేపాకు, మిర్చి కుండీలను ఇంట్లోకి లాక్కొస్తారు. అంతదాకా ఆగకూడదు. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 10 సెల్సియస్‌కు దిగుతోందంటే అవి లోపల ఉండాలి. చివరి నిమిషంలో హడావిడిగా తెస్తే పురుగులు కూడా వెంట వస్తాయి. అందుకే వాతావరణం ఇంకా బాగుండగానే పని మొదలుపెట్టడం మేలు.

ఆకుల అడుగు భాగం తిప్పి చూడండి. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, ఎర్రనల్లి అన్నీ అక్కడే దాక్కుంటాయి. బయట వాటిని తినే అక్షింతల పురుగులు ఉంటాయి, వాన కడిగేస్తుంది. ఇంట్లో ఆ రెండూ లేవు కాబట్టి నాలుగు పురుగులు నెల తిరిగేసరికి కిటికీ నిండా అవుతాయి. హోస్ పైపుతో ఆకుల కింద గట్టిగా కడిగి, మొక్కల కోసం అమ్మే సబ్బు ద్రావణం కొట్టండి. వారం ఆగి మళ్లీ కొట్టండి. గిన్నెలు కడిగే లిక్విడ్ వాడితే ఆకులు మాడే ప్రమాదం ఉంది. లోపలికి తెచ్చాక కూడా రెండు వారాలపాటు వాటిని మిగతా మొక్కలకు దూరంగా వేరే గదిలో పెట్టండి.

ఇక వెలుతురు. డిసెంబరు 21న హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలుంటే, షికాగోలో 9 గంటల పైచిలుకే. ఆ కాస్త ఎండా ఏటవాలుగా, నీరసంగా ఉంటుంది. దక్షిణం వైపు కిటికీ ఉన్నా ఆకుకూరలకు అది చాలదు. మొలకలు సన్నగా సాగి పడిపోతాయి. అందుకే పైన లైటు పెట్టాలి. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు లైట్లే కొనాలని లేదు, గ్యారేజీల్లో వేలాడదీసే మామూలు తెల్లని ఎల్‌ఈడీ షాప్ లైటు సరిపోతుంది. మొక్కల తలలకు అరడుగు నుంచి అడుగు ఎత్తులో వేలాడదీసి, టైమర్‌తో రోజుకు 14 గంటలు వెలిగేలా పెట్టండి. గోంగూరకు ఇది మరీ ముఖ్యం. పగలు కురచనైతే అది ఆకు మానేసి పూతకు దిగుతుంది. దానికి కావాల్సింది రాత్రుళ్లు పొడవు కాకుండా చూడటమే.

ఇంట్లో మొక్కలు చలికి చచ్చేది తక్కువ, నీళ్లకు చచ్చేది ఎక్కువ. వెలుతురు తగ్గితే మొక్క తాగేదీ తగ్గుతుంది. మనమేమో వేసవి అలవాటు కొద్దీ రోజూ చెంబుడు పోస్తాం. కరివేపాకు చలికాలంలో ఆకులు రాల్చడం మామూలే, అది విశ్రాంతికి వెళ్తుంది. ఆకు రాలిందని కంగారుపడి ఇంకా నీళ్లు పోస్తే వేరు కుళ్లిపోతుంది. వేలు రెండు అంగుళాలు దించి చూడండి, లోపల కూడా పొడిగా తగిలితేనే పోయండి. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు అరగంటలో పారబోయండి. వాటర్ సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే పరికరం) ఉన్న ఇంట్లో ఆ నీళ్లు వద్దు, వాటిలో ఉప్పు తాలూకు సోడియం ఉంటుంది. కుళాయి నీళ్లు చల్లగా ఉంటే కాసేపు గదిలోనే ఉంచి, చల్లదనం పోయాక పోయండి. పుల్లటి మజ్జిగ వైద్యం, బియ్యం కడుగు నీళ్లు వేసవిలో డెక్ మీదకే పరిమితం చేయండి. గదిలో పోస్తే వాసన, దాంతోపాటు మట్టిలోంచి లేచే చిన్న చిన్న నల్ల ఈగలు! ఎరువు కూడా వసంతం దాకా దాదాపు ఆపేయవచ్చు.

హీటర్ గాలి వచ్చే వెంట్ పక్కన కుండీ పెట్టకండి. అక్కడి పొడిగాలికి ఎర్రనల్లి చెలరేగుతుంది. రాత్రిపూట ఆకులు కిటికీ అద్దానికి ఆనకుండా కూడా చూడండి.

ఏం వేయాలంటే, మెంతికూరకు మించింది లేదు. వంటింటి డబ్బాలోని మెంతులే నానబెట్టి వెడల్పాటి ట్రేలో చల్లితే మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి వేయండి, మొలకకు పది రోజులు పైనే పడుతుంది, ఓపిక పట్టాలి. పుదీనా, పాలకూర బాగానే వస్తాయి. మిర్చి మొక్కను సగానికి కత్తిరించి బతికించుకుంటే చాలు, కాయలొస్తే లాభం. సొర, బీర, దొండ జోలికి మాత్రం వెళ్లకండి. వాటికి కావాల్సినంత వెలుతురు గదిలో ఇవ్వలేం, సొర, బీరకైతే పూలను చేత్తో కలపాల్సి వస్తుంది కూడా.

కరెంటు విషయంలో అశ్రద్ధ వద్దు. ఎక్స్‌టెన్షన్ వైరుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించకండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి పైకి వచ్చేలా ఉంటే, జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది. అపార్ట్‌మెంట్ కార్పెట్ తడిస్తే డిపాజిట్ తిరిగి రావడం కష్టం, ట్రేలు లోతుగా ఉన్నవే కొనండి. పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో టమాటా ఆకులు వాటికి అందనివ్వకండి, అవి విషం.

డిసెంబరులో ఇండియా ప్రయాణం ఉంటే ఇంకో టెన్షన్. పైపులు గడ్డకట్టకుండా థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి వెళ్లేవాళ్లున్నారు. కరివేపాకు దాన్ని తట్టుకుంటుంది కానీ ఆకు రాలుస్తుంది, మిర్చి నీరసిస్తుంది. 60 కంటే కిందికి దించకుండా ఉంటే మేలు. వెళ్లే ముందు మెంతి, కొత్తిమీర కోసి తినేయండి, వాటిని కాపాడాలని చూడకండి. పెద్ద కుండీలకు నీళ్ల పాత్రలోంచి నూలు తాడు వత్తిలా వేస్తే సరిపోతుంది. పక్కింటివాళ్లకు తాళం ఇస్తే, ఎన్ని నీళ్లు పోయాలో గ్లాసు లెక్కన కాగితం మీద రాసి అంటించండి. లేదంటే మంచి మనసుతో ముంచేస్తారు.

వచ్చేటప్పుడు అమ్మ పెరట్లోంచి కరివేపాకు మొక్కో రెమ్మలో సూట్‌కేసులో పెట్టుకోకండి. నారింజ జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి అమెరికాలో వాటిని రానివ్వరు, చెప్పకుండా తెస్తే ఫైను కూడా పడొచ్చు. ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి చోట్ల నుంచి వేరే రాష్ట్రానికి మొక్క తరలించడానికీ ఆంక్షలున్నాయి. మీ రాష్ట్రంలోని నర్సరీలోనే అడగండి.