బ్లాకింగ్ పెప్టైడ్ వేసినా బ్యాండ్ పోతలేదా? పీఎస్ఎస్1 బ్లాట్ తిప్పలు

పీఎస్ఎస్1 అంటే ఫాస్ఫటిడైల్‌సెరీన్ సింథేజ్ 1, ఫాస్ఫటిడైల్‌కోలిన్‌ల కోలిన్ తీసేసి ఆ జాగల సెరీన్ పెట్టే ఎంజైమ్, కణంలోపలి ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) పొరను సూదితో కుట్టినట్టు లోపలికి బయటికి చాలాసార్లు దూరి ఉంటది. వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రొటీన్లను జెల్‌ల సైజు వారీగ విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతోని గుర్తుపట్టుడు, అంటుకున్న కాడ బ్యాండ్ అంటే గీత కనబడ్తది. బ్లాకింగ్ పెప్టైడ్ అంటే ఆ యాంటీబాడీ పట్టుకునే చిన్న ప్రొటీన్ ముక్క. మెంబ్రేన్‌కెళ్లి ఒక స్ట్రిప్‌కు ఒట్టి యాంటీబాడీ, ఇంకోదానికి పెప్టైడ్ కలిపిన యాంటీబాడీ పోస్తరు, రెండోదాంట్ల బ్యాండ్ పోవాలె. ఈ పీఎస్ఎస్1 యాంటీబాడీ, పెప్టైడ్ తెప్పించుకొని తలపట్టుకునే పిల్లలు మన పాలమూరు, నల్లగొండ దిక్కు గూడ ఉన్నరు, వాళ్లకోసమే ఇది.

పెప్టైడ్ కలిపినా బ్యాండ్ అట్లనే ఉంది

మొదలు యాంటీబాడీతోని వచ్చిన కాగితం తీసి చదువు తమ్మీ. ఏ పెప్టైడ్‌ను జంతువుకు ఎక్కించి ఆ యాంటీబాడీ తయారుచేసిన్రో అదే పెప్టైడ్ కావాలె. ప్రొటీన్ ఎన్-చివర (మొదటి కొస) యాంటీబాడీకి సీ-చివర (ఆఖరి కొస) పెప్టైడ్ వేస్తే ఎంత పోసినా లాభం లేదు, ప్రొటీన్ పేరు ఒకటే గదా అని ఏదో ఒకటి ఆర్డర్ పెడ్తరు, సగం గోస ఆడనే.

అది సరిగ్గనే ఉంటే మోతాదు చూడు. 1 మైక్రోగ్రాము యాంటీబాడీకి 5 మైక్రోగ్రాముల పెప్టైడ్ మామూలు లెక్క. ఐజీజీ, అంటే ఆ యాంటీబాడీ అణువు, బరువు దాదాపు 150 కిలోడాల్టన్లు, పెప్టైడ్ 2 చుట్టుపక్కల, అంటే అణువుల లెక్కల 375 రెట్లు, ఒక్కో ఐజీజీకి పట్టుకునే జాగలు రెండున్నా మస్తు మిగులుతది. అందుకే ఇంకా పెప్టైడ్ పొయ్యకముందు యాంటీబాడీనే పల్చగ చేసి చూడు, 1:500 కాడ మందంగ కొట్టే బ్యాండ్‌ను 1:2000కు తే. రెండూ కలిపి గంట ఆగు, లేకుంటే రాత్రంత 4 డిగ్రీల కాడ తిప్పు, తర్వాతనే మెంబ్రేన్ మీద పొయ్యి. ప్రోటోకాల్‌ల రూమ్ టెంపరేచర్ అని ఉంటే అది 25 అటూఇటూ, మే నెలల కరెంటు పోయిన మన ల్యాబ్ కాదు.

ఇన్ని చేసినా పోకపోతే ప్రైమరీ (మన పీఎస్ఎస్1 యాంటీబాడీ) లేకుండ ఒట్టి సెకండరీ (ప్రైమరీని పట్టుకొని బ్యాండ్ చూపించే రెండో యాంటీబాడీ) తోని ఒక స్ట్రిప్ నడిపియ్యి. ఆడ గూడ అదే బ్యాండ్ వస్తే అది సెకండరీ అంటించింది, దాన్ని పెప్టైడ్ ఏం చేస్తది?

రెండు స్ట్రిప్పుల్ల ఏం లేదు

పెప్టైడ్‌ను తిట్టకు, శాంపిల్‌ను ఎట్ల వేడిచేసినవో చెప్పు. 95 డిగ్రీల కాడ ఉడకబెడితే ఇసొంటి పొర ప్రొటీన్లు ముద్ద కట్టి జెల్ వెల్ (శాంపిల్ పోసే గుంత) మూతికాడనే ఆగిపోతయి, స్టాకింగ్ జెల్ (పైన ఉండే జెల్ భాగం) పారేయకుండ దాన్ని గూడ ట్రాన్స్‌ఫర్ చేస్తే పైన మసక కనబడ్తది. 37 డిగ్రీల కాడ అర్ధగంట చాలు. లెక్క ప్రకారం సైజు 55 కిలోడాల్టన్ల చుట్టూ ఉన్నా పొర ప్రొటీన్లు కొంచెం కిందనే ఆగుతయి, దానికి భయపడకు. ఇంకోటి, సెకండరీ కలిపే బఫర్‌ల సోడియం అజైడ్ ఉందా? అది హెచ్‌ఆర్‌పీని, అంటే సెకండరీకి తగిలించిన బ్యాండ్ చూపించే ఎంజైమ్‌ను, చంపుతది.

పెప్టైడ్ కరగుతలేదు, తెల్లగ మబ్బుపట్టింది

ముందుగాల్ల కొంచెం డీఎంఎస్ఓల కరగనిచ్చి, తర్వాత పీబీఎస్ (ఉప్పు బఫర్) మెల్లగ కలుపు. పెప్టైడ్ చివర సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే డీఎంఎస్ఓ దాన్ని ఆక్సిడైజ్ చేస్తది, డీఎంఎఫ్ వాడు. కరిగిందాన్ని చిన్న చిన్న ట్యూబులల్ల పంచి మైనస్ 20ల పెట్టు, ఒకదాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టియ్యకు. మిగిలింది పొడిగనే ఉండనియ్యి, ఫ్రీజర్ ఆగినా పొడి తట్టుకుంటది.

అన్ని బ్యాండ్లు మాయమైనయి

ఈడనే అందరు చప్పట్లు కొడ్తరు. బ్యాండ్ పోయిందంటే యాంటీబాడీ ఆ పెప్టైడ్‌ను పట్టుకునే జాగతోనే అంటుకున్నదని మాత్రమే, ఆ బ్యాండ్ పీఎస్ఎస్1 అని కాదు. అసొంటి ముక్క ఉన్న వేరే ప్రొటీన్ గూడ అట్లనే పోతది, అందుకే పెప్టైడ్ వరుసను బ్లాస్ట్ (ప్రొటీన్ వరుసలు పోల్చే ఆన్‌లైన్ సాధనం) ల వేసి, దీని జోడి ఎంజైమ్ పీఎస్ఎస్2తోని గూడ పోల్చుకో. రెండు స్ట్రిప్పులు ఒకటే జెల్‌కెళ్లి కోసినవా, ఒకటే ఎక్స్‌పోజర్‌ల తీసినవా అని గూడ చూడు, ఆటో మోడ్‌ల పెడితే మెషీన్ ఖాళీ స్ట్రిప్‌ను గూడ నల్లగ చేసి చూపిస్తది. గట్టి రుజువు కావాలంటే నాకౌట్ కణాల (పీఎస్ఎస్1 జన్యువు తీసేసిన కణాల) లైసేట్ అంటే కణాలు పగలగొట్టిన రసం, లేకుంటే ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (ఆ ప్రొటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏ) వేసిన కణాల లైసేట్ పక్క లేన్‌ల పెట్టాలె, రివ్యూయర్లు గూడ అదే అడుగుతరు.